కొత్త బాడీకి పాత మచ్చ

భయం గురించి మాట్లాడాలంటే ఇక్కడ కూర్చున్నవాళ్ళలో నాకున్నంత అర్హత ఎవరికీ లేదు. మీరు పైఅధికారికి భయపడతారు, అప్పులవాళ్ళకి భయపడతారు, మహా అయితే కుక్కకి భయపడతారు. నేను ఫోను మోగితే భయపడతాను. మోగకపోతే ఎవరికేమైందోనని భయపడతాను. మా బావమరిది నాకు 'గుండెధైర్యం' అని పేరు పెట్టాడు. వెటకారమే. అలాంటి గుండెధైర్యం గారు మా ఆవిడ కళ్ళు కప్పుదామని బయల్దేరారు. ఏమైందో వినండి. నవ్వు ఆపుకోగలిగినవాళ్ళు చివరిదాకా ఆపుకోండి.

నా వృత్తి మీకు తెలిసిందే. మా ఇంటి ముందుగదే స్టూడియో. ఒక కుర్చీ, రెండు గొడుగు లైట్లు, వెనక బూడిదరంగు గుడ్డ. పక్కన ఒక తెర, తెర వెనక కంప్యూటరు, దాని ముందు మా ఆవిడ. నేను ఫోటో తీస్తాను, ఆవిడ దిద్దుతుంది. మొటిమలు తీసేస్తుంది, చెదిరిన జుట్టు సర్దుతుంది, రాని నవ్వు తెప్పిస్తుంది. మనిషిని పుట్టించడం దేవుడి పని, ఫోటోకి పనికొచ్చేట్టు చేయడం ఆవిడ పని.

కెమెరా పాతది. నొక్కితే 'ఠప్' అని పక్కింటి పసిపిల్ల ఉలిక్కిపడేంత చప్పుడు. తెర వెనక ఆవిడ ఆ ఠప్పుల్ని బట్టే పని నడిపేది. మూడు వినిపించగానే, "ఇక చాలు, ఎన్నని ఏరను?" అని కేక వేసేది. పైగా దాని కడుపులో, బొమ్మపడే పలక మీద, ఎప్పుడో ఒక దుమ్ముకణం అతుక్కుంది. దాంతో ప్రతి ఫోటోకీ కుడివైపు పైమూల ఒక చుక్క. దాన్ని చెరిపేటప్పుడల్లా ఆవిడ నన్నూ నా వంశాన్నీ తలుచుకునేది. ఈమధ్య ఎందుకో ఆ సణుగుడు ఆగిపోయింది. వయసుతోపాటు ఓర్పు వచ్చిందనుకుని సంతోషించాను.

అసలు బాధ వేరే. కొంతకాలంగా నా ఫోటోలు మసకబారాయి. కనురెప్పలు వెంట్రుక వెంట్రుకగా కనిపించాల్సింది పోయి, ఎవరో బొటనవేలితో పులిమినట్టు ఉంటున్నాయి. లోపం ఎక్కడుందో నేను ఇట్టే కనిపెట్టాను. కెమెరాలో ఉంది.

"బాడీ మార్చాలోయ్," అన్నాను ఒకనాడు పొద్దున్నే కాఫీ తాగుతూ.

ఆవిడ నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది. "ఈ వయసులో ఎవరిస్తారండీ?"

"నాది కాదు, కెమెరాది. లెన్సు ఊడదీస్తే మొండెం మిగుల్తుందే, అది. ముసలిదైపోయింది. ఫోటోలు మసగ్గా వస్తున్నాయి."

"కెమెరా ఏం చేసింది పాపం. ముందు మీ కళ్ళు డాక్టరుకి చూపించండి."

"నావి డేగ కళ్ళు."

"నిన్న ఆ డేగ వీధి చివర నిలబడి నాకు చెయ్యూపింది. నేనప్పుడు వంటింట్లో ఉన్నాను."

"మరి అక్కడున్నదెవరు?"

"పోస్టు డబ్బా," అని కప్పులు తీసుకుని లోపలికి పోతూ, "ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట వెనకటికెవరో," అంది.

మీరు నవ్వుతున్నారు గానీ నాకు నవ్వు రాలేదు. నా భయం సరిగ్గా అక్కడే ఉంది. నేను మొదటినుంచీ లెన్సు చుట్టూ ఉండే రింగును చేత్తో తిప్పి, నా కంటితో చూసి స్పష్టత కుదుర్చుకునేవాణ్ణి. ఒక మీట నొక్కితే ఆ పనంతా కెమెరాయే చేసుకుంటుందని లోకమంతా చెప్పింది. నేను వినలేదు. నా కన్నే నా పనితనం. డాక్టరు దగ్గరికి వెళితే గోడ మీద అక్షరాలు చూపించి చదవమంటాడు. నేను చదవలేను. ఆయన పెదవి విరుస్తాడు. ఆ తరవాత నేనెవణ్ణి? కెమెరా చెడితే ఇంకోటి కొనుక్కోవచ్చు, కన్ను చెడితే ఏ దుకాణంలో ఇస్తారు? ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు అరచేతులు చెమట పట్టేవి. అందుకని లోపం కెమెరాలోనే ఉండితీరాలని నిర్ణయించేశాను.

తిన్నగా వారంటీ దగ్గరికి వెళ్ళాను. వారంటీ అంటే కెమెరాల దుకాణం ఆయన. ఏ వస్తువు పట్టుకున్నా "వారంటీ ఉందన్నగారూ" అంటాడు. ఆయన కూర్చునే స్టూలు విరిగి కిందపడ్డ రోజు కూడా అదే మాట అంటూ లేచాడు.

"మీరు కొనకండన్నగారూ," అన్నాడు. అలా మాట్లాడే వ్యాపారస్థుణ్ణి చూస్తే ఎవరికైనా భయమేస్తుంది. "ఈ కొత్త బాడీ తీసుకెళ్ళి వారం రోజులు వాడి చూడండి. మీ పాత లెన్సే దీనికి తగిలించి ఇస్తాను. నచ్చితే ఉంచుకోండి, నచ్చకపోతే తెచ్చిచ్చేయండి. ఒక్క గీత పడకూడదు, అంతే."

"పడితే?"

"పడితే మీదే. వదినగారికి చెప్పారా?"

"చెప్పకపోతే?"

"దానికి మాత్రం వారంటీ లేదన్నగారూ."

వారం చాలు అనుకున్నాను. వారంలో అద్దంలాంటి ఫోటోలు తీసి ఆవిడ ముందు పరిస్తే నోరు తనే మూసుకుంటుంది. అంతవరకూ బయటపడకూడదు. పాత కెమెరాకి మా ఆవిడ నా పాత ప్యాంటు కత్తిరించి, జేబుతో సహా ఒక తొడుగు కుట్టింది. కొత్తదానికి అదే తొడిగాను. ఇది సన్నటిది కావడంతో తొడుగు వదులైంది. లోపల ఒక మేజోడు కుక్కాను. పాత కెమెరాను బీరువాలో దుప్పట్ల మడతల మధ్య పడుకోబెట్టాను. ఇక ఏ దేవుడూ కనిపెట్టలేడు అనుకున్నాను. దేవుడు కనిపెట్టకపోవచ్చు, ఆయనతో నాకు కాపురం లేదు.

మొదట వచ్చింది ఒక బస్సు డ్రైవరు, లైసెన్సు ఫోటో కోసం. ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. నేను నొక్కాను. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాను. లేదు. ఈ కొత్తరకం కెమెరాలు మాట్లాడవని వారంటీ నాకు చెప్పలేదు. డ్రైవరు ఊపిరి వదలడు, మొహం ఎర్రబడుతోంది, కళ్ళు బయటికొస్తున్నాయి.

"తీసేశాను, వదలండి," అన్నాను.

"తీశారా? చప్పుడు రాలేదే?" అన్నాడు రొప్పుతూ.

"అవును, చప్పుడు రాలేదే?" అంది తెర వెనకనుంచి మా ఆవిడ.

వెంటనే నాలుక అంగిలికి ఆనించి 'ఠప్' అనిపించాను. డ్రైవరు నావంక అదోలా చూశాడు. నేను వేలు పెదవుల మీద పెట్టి, తెరవైపు కళ్ళతో సైగ చేశాను. అతను నెమ్మదిగా తలాడించాడు. పెళ్ళయినవాడే అయ్యుంటాడు. మిగతా రెండు ఠప్పులకీ నాకంటే ముందే తయారుగా కూర్చున్నాడు.

గండం గడిచిందనుకుని, ఫోటోల కార్డు తీసి ఆవిడకి ఇవ్వబోతూ ఆగిపోయాను. చుక్క. కొత్త బాడీలో దుమ్ము లేదు, ఫోటోలో చుక్క ఉండదు. ఇన్నాళ్ళు ఆ చుక్కతో కాపురం చేసిన మనిషి అది లేకపోతే గుర్తుపట్టదా?

ఇంట్లో మూలనపడ్డ పాత లాప్‌టాప్ ఒకటి ఉంది. దాన్ని తువ్వాల్లో చుట్టుకుని స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుని, డ్రైవరు ఫోటో తెరిచి, కుడివైపు పైమూల ఒక చుక్క పెట్టాను. నీళ్ళ తడి తగిలి లాప్‌టాప్ చస్తుందేమో, కరెంటు తగిలి నేను చస్తానేమో అని రెండువైపులా భయం. ఫోటో మాత్రం నా కంటికి అద్దంలా కనిపించింది. డబ్బులిచ్చి శుభ్రత కొనుక్కోబోతూ, చేతులారా మురికి పూసుకుంటున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

"ఏవండీ, ఇంతసేపు లోపలేం చేస్తున్నారు? కడుపు బాగాలేదా?"

"ఆఁ, కొంచెం."

ఆ రోజునుంచి మా ఆవిడ నాకు పథ్యం పెట్టింది. ఉప్పు లేని చప్పిడి కూడు, పైన ఏదో చేదు కషాయం. రోజుకి ఎన్నిసార్లు ఫోటోలు తీస్తే అన్నిసార్లు స్నానాల గదిలోకి పరుగెత్తాలి. ఎన్నిసార్లు పరుగెత్తితే అన్ని గ్లాసుల కషాయం. వద్దంటే దొరికిపోతాను.

చుక్క పెట్టిన కార్డు మొదటిసారి ఆవిడకి ఇచ్చాక తెర వెనకనుంచి పిలుపొచ్చింది.

"ఏవండీ, ఈ చుక్క..."

"ఏ చుక్క? ఎప్పుడూ ఉండేదేగా? కొత్తగా ఏముంది అందులో?" గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆవిడ మాట పూర్తికాకముందే మూడు జవాబులిచ్చాను.

ఆవిడ మౌసు రెండుసార్లు నొక్కింది. తరవాత, "ఎప్పుడూ ఉండేదే అనుకోండి. ఇవాళ కాస్త లావెక్కింది," అంది.

మర్నాడు సన్నగా పెట్టాను. "పాపం, బక్కచిక్కిందండీ," అంది. ఆ మర్నాడు మధ్యరకంగా పెట్టాను. "గుండ్రంగా ఉండేది, ఇవాళ కోలగా ఉంది. దానికీ కడుపు బాగాలేదేమో," అంది. నేను భయంతో బకెట్టు మీద కూర్చుని ఆ చుక్కను చెక్కేవాణ్ణి. నా జీవితంలో ఏ పెళ్ళికూతురి మొహం మీదా అంత శ్రద్ధ పెట్టలేదు.

వారం చివరికొచ్చింది. అప్పుడు వచ్చారు హెడ్మిస్ట్రెస్ గారు. ఆవిడ ఉద్యోగం నుంచి రిటైరవుతున్నారు, బడి హాల్లో పెట్టడానికి పెద్ద ఫోటో కావాలి. ఆవిడ కుర్చీలో కూర్చోగానే నేను అప్రయత్నంగా చేతులు కట్టుకున్నాను. ఠప్పులు కూడా భయంభయంగా అనిపించాను. తరవాత స్నానాల గదిలోకి పరుగెత్తి చుక్క పెడుతుంటే, "ఏవండీ, కషాయం చల్లారిపోతోంది," అని తలుపు దడదడలాడింది. చెయ్యి అదిరింది. ఏదో ఒకచోట పడిందిలే అనుకుని మూసేశాను.

మర్నాడు మా ఆవిడ పిలిస్తే ముందుగదిలోకి వచ్చేసరికి హెడ్మిస్ట్రెస్ గారు ఫ్రేము కట్టిన ఫోటో పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ ఫ్రేము తిప్పి నాకు చూపించారు. సరిగ్గా ముక్కు కొస మీద గోళీ అంత చుక్క.

"ఇదేమిటి?" అన్నారు.

"దుమ్మండీ. కెమెరాలో దుమ్ము."

"దుమ్ముకి నా ముక్కే దొరికిందా? చూడు, నిజం చెప్తే ఏమీ అనను. ఎవరు పెట్టారు?"

నేను తెరవైపు చూశాను. ఇన్నేళ్ళలో ఒక్క చుక్క కూడా వదలని మా ఆవిడ, దీన్ని చెరపకుండా అచ్చువేసి, ఫ్రేము కట్టి ఇచ్చింది. ఆవిడ మాత్రం లైటు గొడుగు మీద దుమ్ము దులుపుతోంది.

"సరే, ముక్కు సంగతి అటుంచు," అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు, కోపం తగ్గి. "నా కళ్ళేవి? నేను పిల్లల్ని కళ్ళతో చూసే అదుపులో పెట్టాను. ఇందులో కళ్ళే కనిపించడం లేదు. అంతా మసక."

నేను ఫోటో దగ్గరగా పెట్టుకుని చూశాను, దూరంగా పెట్టుకుని చూశాను. నాకు బాగానే ఉన్నట్టుంది. ఆవిడకి మసగ్గా ఉన్నది నాకు బాగున్నట్టుంది. చుక్క గురించి పడ్డ భయం అప్పుడు నాకు గుర్తే లేదు.

"మేడమ్, కాసేపు కూర్చోండి, సరిచేసి ఇస్తాం," అని మా ఆవిడ నావైపు తిరిగింది. "ఏవండీ, పెద్ద కాగితం అయిపోయింది. వెళ్ళి పట్టుకురండి."

బతుకుజీవుడా అని బయటపడ్డాను. కాగితం దుకాణానికి దగ్గరిదారి ఉన్నా చుట్టుదారిన వెళ్ళాను. తిరిగొచ్చేసరికి హెడ్మిస్ట్రెస్ గారు వెళ్ళిపోయారు. బల్ల మీద చిన్న కాగితం మీద తీసిన నమూనా అచ్చు ఉంది. చుక్క లేదు. భూతద్దం పెట్టి చూశాను. కళ్ళు, ఆ కళ్ళలో కోపం, కనురెప్పల వెంట్రుకలు, ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. పోయిన ప్రాణం లేచొచ్చింది. నిన్నటి అచ్చులోనే ఏదో లోపం ఉండుంటుంది, నా ఫోటోలో కాదు. నా కన్ను బాగానే ఉంది, కొత్త బాడీ ఇంకా బాగుంది. ఇంతకంటే మంచి సమయం రాదని ఆవిణ్ణి పిలిచాను.

"నీకొకటి చెప్పాలి. కోప్పడనంటే చెప్తాను."

"కోప్పడను. చెప్పండి."

ప్యాంటు తొడుగు విప్పాను. మేజోడు బయటికి లాగాను. కొత్త బాడీ బయటపడింది. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేకపోవడం నేను గమనించాల్సింది. గమనించలేదు, ఉపన్యాసం మీద ఉన్నాను.

"ఈ వారమంతా దీంతోనే తీశాను. తప్పే. కానీ ఈ ఫోటో చూడు. ఈ కనురెప్పలు చూడు. ఆ పాత కెమెరాతో ఇలాంటిది వస్తుందా?"

"రాదంటారా?"

"చచ్చినా రాదు."

"మీ వృత్తి మీద ఒట్టేసి చెప్తారా?"

"చెప్తాను."

ఆవిడ లోపలికి వెళ్ళి దుప్పట్ల వాసన వేస్తున్న పాత కెమెరా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇందాక మీరు కాగితానికి వెళ్ళినప్పుడు దీంతోనే నేను తీశానండీ. దాంతోపాటు వచ్చిన చిన్న లెన్సు వేసి, ఆ మీట నొక్కాను. అదే చూసుకుంది."

నేను ఫోటోనీ పాత కెమెరానీ మార్చి మార్చి చూశాను.

"మరి చుక్క?" అన్నాను నీరసంగా. "పాత కెమెరాతో తీస్తే చుక్క రావాలిగా?"

"ఏ చుక్కండీ? పోయినేడు మీరు జ్వరంతో పడుకున్నప్పుడు దాన్ని సర్వీసుకి తీసుకెళ్ళి కడిగించాను. ఏడాదిగా మీ ఫోటోల్లో చుక్కే లేదు. ఈ వారమే మొదలైంది."

ఏడాదిగా లేని మచ్చను నేను స్నానాల గదిలో దాక్కుని, కషాయాలు తాగుతూ, నా చేత్తో తిరిగి పుట్టించాను. ఆవిడ దాని లావూ సన్నమూ విచారిస్తూ రోజూ చెరిపింది. నేను కూర్చోడానికి కుర్చీ వెతుక్కున్నాను.

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పక్కన కూర్చుని, కొత్త బాడీని ఒళ్ళో పెట్టుకుంది.

"ఏడాదిగా మీరు తీసిన ప్రతి ఫోటోకీ నేను కళ్ళు గీస్తున్నానండీ. మసక పెరుగుతూ వచ్చింది. చెప్తే మీరు భయపడతారని చెప్పలేదు. కొత్త కెమెరాతో తీసినవి చూశాక నాకూ భయమేసింది. అవి కూడా అంతే మసగ్గా ఉన్నాయి. ఇక కెమెరా మీదికి నెట్టడానికి లేదు. అందుకే మేడమ్ గారి ఫోటోకి కావాలనే కళ్ళూ గీయలేదు, చుక్కా చెరపలేదు."

"నీకూ భయమా?" అన్నాను.

"మీరొక్కరే భయపడాలని రాసిపెట్టి ఉందా?" అంది. చెయ్యి నా చేతి మీద వేసింది. ఆ చెయ్యి కూడా చెమట పట్టి ఉంది.

ఆ సాయంత్రమే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పలక మీద మొదటి అక్షరం చదివాను, రెండోది ఊహించాను, మూడోదానికి మా ఆవిడవంక చూశాను. ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చుంది. డాక్టరు నా కళ్ళలోకి దీపం వేసి అటూ ఇటూ చూసి పెదవి విరిచాడు. ఆయన పెదవి విరిచింది వేరే సంగతికి.

"కంటికి జబ్బేం లేదు. అద్దాలు పెట్టుకోవాల్సిన వయసు ఎప్పుడో వచ్చింది, మీరే రాలేదు. ఇన్నాళ్ళూ దేనికాగారు?"

"భయంతో," అన్నాం ఇద్దరం ఒక్కసారే.

కళ్ళద్దాలు చేతికొచ్చిన రోజే వారంటీకి కొత్త బాడీ అప్పగించాల్సిన గడువు. ఇద్దరం కలిసి వెళ్ళాం. అద్దాల్లోంచి చూస్తే ఆయన మొహం మీద ఇన్ని గీతలున్నాయని నాకప్పుడే తెలిసింది. ఆయన కెమెరాను తిప్పి తిప్పి చూసి, "ఒక్క గీత లేదన్నగారూ. ఇంతకీ ఏం నిర్ణయించారు?" అన్నాడు.

"తిరిగిచ్చేస్తున్నాం," అన్నాను పెద్దమనిషి తరహాలో. "పాతదే బాగుంది. లోపం నాలో ఉంది."

"తీసుకుంటున్నామండీ," అంది మా ఆవిడ.

నా చెవుల్ని నేను నమ్మలేదు. డాక్టరు వాటికీ ఏదైనా రాసిస్తే బాగుండేదనుకున్నాను. "నిజంగా తీసుకుందామా? నాకోసం?"

"మీకెందుకండీ? నాకు. హెడ్మిస్ట్రెస్ గారు బడిలో అందరికీ చెప్పారట, ఫోటో అమ్మగారే తీయాలని. రేపట్నుంచి నేను ముందుగదిలో ఉంటాను. మీరు తెర వెనక కూర్చుని దిద్దండి."

"దిద్దడమా? నాకేం వచ్చు?"

"మచ్చలు అంత ముచ్చటగా పెట్టినవారికి తీయడం ఎంతసేపు?"

వారంటీ దగ్గు వచ్చినట్టు నటిస్తూ అటు తిరిగాడు. రసీదు ఆవిడ పేరు మీద రాశాడు. కెమెరా మెడలో వేసుకుని ఆవిడ ముందు నడిచింది. ఖాళీ పెట్టె మాత్రం నా చేతికిచ్చింది, మోసుకురమ్మని.